బయోమెట్రిక్, జన్యు సమాచారం - బీమా చట్టం

బీమా చట్టంలో బయోమెట్రిక్ సమాచారం, జన్యు గోప్యత, కృత్రిమ మేధ అనే మూడు అంశాలు ఇటీవలి దశాబ్దాలలో కొత్త ప్రశ్నలను లేవనెత్తాయి. మనిషి శరీరం నుండి యంత్రాల ద్వారా సేకరించిన సమాచారాన్ని బీమా సంస్థలు ఎంతవరకు అడగవచ్చును, దానిని ఆధారం చేసుకొని ప్రీమియం పెంచవచ్చునా, పాలసీ నిరాకరించవచ్చునా, ఆ సమాచారం బయటకు పొక్కితే బాధ్యత ఎవరిది అన్నవి వీటిలో ముఖ్యమైనవి. భారతదేశంలో ఈ విషయాలన్నిటికీ కలిపి ఒకే చట్టం లేదు. బీమా చట్టం (1938), ఆధార్ చట్టం (2016), డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (2023), బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు, న్యాయస్థానాల తీర్పులు కలిసి ఈ రంగాన్ని నడిపిస్తున్నాయి. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. జన్యు పరిశోధనలో పేరు పొందిన సీసీఎంబీ కూడా హైదరాబాదులోనే ఉన్నది.

నిర్వచనాలు

బయోమెట్రిక్ సమాచారం: వేలిముద్ర, కంటిపాప, ముఖం, గొంతు వంటి శరీర లక్షణాలను కొలిచి, వాటి ద్వారా మనిషిని గుర్తుపట్టడానికి ఉపయోగించే సమాచారం. ఇది "ఈ మనిషి ఎవరు?" అన్న ప్రశ్నకు జవాబు.

జన్యు సమాచారం: రక్తం, లాలాజలం వంటి నమూనాలలోని డీఎన్ఏను పరీక్షించడం వలన తెలిసే సమాచారం. ఇది "ఈ మనిషికి ముందుముందు ఏమి రావచ్చును?" అన్న ప్రశ్నకు పాక్షికమైన జవాబు. ఇది ఒక్క మనిషికి సంబంధించినది కాదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల గురించి కూడా కొంత చెబుతుంది.

కృత్రిమ మేధ: గతంలోని లక్షలాది నమోదులను చదివి, వాటిలోని పోలికలను బట్టి కొత్త మనిషి విషయంలో అంచనా వేసే కంప్యూటరు పద్ధతి. బీమాలో ఇది "ఈ మనిషి వలన మనకు ఎంత ఖర్చు?" అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతుంది.

బీమా ఒప్పందపు మూలసూత్రం

బీమా అనేది తెలియని రేపటిని పదిమంది కలిసి పంచుకొనే ఏర్పాటు. ఎవరికి ఎప్పుడు నష్టం వస్తుందో ముందుగా తెలియదు గనుకనే అందరూ కొద్దికొద్దిగా చెల్లిస్తారు, నష్టపోయినవారికి ఆ మొత్తం అందుతుంది.

ఈ ఒప్పందంలో ఇరుపక్షాలూ తమకు తెలిసిన ముఖ్య విషయాలను దాచకుండా చెప్పవలెను. దీనిని పరమ విశ్వాస సూత్రం అంటారు. 1766లో ఇంగ్లాండులో న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన కార్టర్ - బోహ్మ్ తీర్పు ఈ సూత్రానికి మూలంగా పేర్కొనబడుతుంది. పాలసీ తీసుకొనేవాని వయసు, వృత్తి, జబ్బులు అతనికే తెలుసును, సంస్థకు తెలియవు. అందుచేత చెప్పవలసిన బరువు ప్రధానంగా అతని మీద ఉంచబడినది. ప్రతిపాదన పత్రంలోని ప్రశ్నలన్నీ ఈ కారణంగానే ఉన్నాయి.

ఇప్పుడు పరిస్థితి తిరగబడుతున్నది. మనిషికి తన శరీరం గురించి తెలియని సంగతులు కూడా సంస్థకు తెలిసే వీలు ఏర్పడినది. మనిషి నోటితో చెప్పవలసిన రోజులకు తయారైన చట్టం, మనిషి చెప్పకుండానే శరీరం చెప్పే రోజులకు ఎట్లా వర్తించాలన్నదే ఈ వ్యాసంలోని సమస్యలన్నిటికీ మూలం.

ఒక ఊహా ఉదాహరణ

వెయ్యిమంది ఉన్న ఒక బృందంలో ఏటా 5 మరణాలు సంభవిస్తాయనుకొందాము. ఒక్కొక్క కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇవ్వవలసి ఉంటే మొత్తం 10 లక్షలు. ఖర్చులు, లాభం లెక్కించకపోతే ఒక్కొక్కరు 1,000 రూపాయలు చెల్లిస్తే చాలును. ఇప్పుడు జన్యు పరీక్షలో గాని, కంప్యూటరు అంచనాలో గాని ఆ 5 మరణాలలో 4 ఒక వందమందిలోనే వస్తాయని తేలినది అనుకొందాము. సంస్థ ఆ వందమందిని వేరు చేస్తే వారు ఒక్కొక్కరు 8,000 రూపాయలు చెల్లించవలెను. మిగిలిన 900 మందికి సుమారు 222 రూపాయలు చాలును. లెక్క తప్పు కాదు. కాని బీమా ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకుండా పోతుంది.

దీనికి మరొక పక్క కూడా ఉన్నది. తనకు ప్రమాదకరమైన జన్యువు ఉన్నదని రహస్యంగా తెలుసుకొన్నవారు మాత్రమే పెద్ద మొత్తాలకు పాలసీలు తీసుకొంటే, ఆ భారం మిగిలిన పాలసీదారులందరి మీద పడుతుంది. దీనిని ప్రతికూల ఎంపిక అంటారు. బీమా సంస్థలు జన్యు సమాచారం అడగడానికి చెప్పే ప్రధాన కారణం ఇదే.

బయోమెట్రిక్ సమాచారం

చరిత్ర

ఒప్పందం మీద చేతిముద్ర వేయించుకొనే పద్ధతిని 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి మొదలుపెట్టాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడినది. తెలుగునాట చదువురానివారు నోట్ల మీద, దస్తావేజుల మీద నిశాని వేయడం అందరికీ తెలిసినదే. బీమా ప్రతిపాదన పత్రాలలో కూడా వేలిముద్ర వేసినవారి విషయంలో, పత్రంలోని సంగతులు వారికి తెలిసిన భాషలో చదివి వినిపించామని మరొకరు ధృవీకరించి సంతకం చేసే ఆచారం ఉన్నది.

ఈ పాత నిశానికి, నేటి బయోమెట్రిక్ ముద్రకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పాత నిశాని "నేను ఒప్పుకొన్నాను" అని చెప్పేది. నేటి ముద్ర "నేనే ఫలానా మనిషిని" అని మాత్రమే చెబుతుంది. యంత్రం మీద వేలు పెట్టినంత మాత్రాన షరతులన్నీ విని, అర్థం చేసుకొని ఒప్పుకొన్నట్లు కాదు. వివాదాలలో ఈ భేదాన్ని గమనించవలసి ఉన్నది.

ముద్ర పడని వేళ్ళు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతం ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి తగిన ఉదాహరణ. సి.బెళగల్ తుంగభద్ర తీరాన ఉన్న మండలం. ఈ ప్రాంతంలో పత్తి, వేరుశనగ, ఉల్లి, మిరప సాగు చేస్తారు. ఎమ్మిగనూరు చేనేతకు, ఆదోని పత్తి వ్యాపారానికి ప్రసిద్ధి. కలుపు తీసే చేతులకు, పత్తి ఏరే వేళ్ళకు, మగ్గం మీద పనిచేసే వ్రేళ్ళకు గీతలు అరిగిపోవడం సహజం. వయసు పెరిగినకొద్దీ ఇది ఎక్కువ అవుతుంది. అటువంటి వేలిని యంత్రం గుర్తించకపోవచ్చును.

ఆంధ్రప్రదేశ్‌లో సాగు వివరాలు ఈ-పంట విధానంలో నమోదు అవుతాయి. రైతు తన ఆధార్ ద్వారా ఈ-కేవైసీ పూర్తిచేయవలెను. పంటల బీమా, పంట నష్ట సహాయం వంటివి ఈ నమోదుతో ముడిపడి ఉన్నాయి. కనుక యంత్రం వేలిని గుర్తించకపోతే పంట ఎండిపోయిన రైతుకు నష్టం రెండుసార్లు జరిగే ప్రమాదం ఉన్నది. ఒకటి పొలంలో, రెండవది జాబితాలో.

దీనికి చట్టంలో కొంత రక్షణ ఉన్నది. ఆధార్ చట్టం చెల్లుబాటును ఎక్కువ భాగం సమర్థిస్తూ 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ధృవీకరణ విఫలమైనదన్న కారణంతో అర్హులకు పథకాల ప్రయోజనం నిరాకరించరాదని చెప్పినది. వేలిముద్ర కుదరనప్పుడు కంటిపాప, ముఖం, మొబైలుకు వచ్చే ఓటీపీ వంటి మార్గాలు ఉన్నాయి. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన (2016) మార్గదర్శకాల ప్రకారం, బ్యాంకు చేసిన పొరపాటు వలన రైతు బీమా పరిహారం కోల్పోతే ఆ బ్యాంకే బాధ్యత వహించవలెను. కాని యంత్రం విఫలమైన సంగతి ఎక్కడో ఒకచోట నమోదు కాకపోతే, తరువాత రుజువు చేయడం కష్టం.

గోప్యత, చౌర్యం

ఆధార్ చట్టం 29వ సెక్షను ప్రకారం వేలిముద్ర, కంటిపాప వంటి మౌలిక బయోమెట్రిక్ సమాచారాన్ని ఏ కారణంతోనూ ఎవరితోనూ పంచుకొనరాదు. ఆధార్ సంఖ్య జారీకి, ధృవీకరణకు తప్ప మరి దేనికీ వాడరాదు. అనగా బీమా సంస్థకు "అవును, ఈ మనిషే" అన్న జవాబు మాత్రమే చేరవలెను, ముద్ర చేరరాదు. 2018 తీర్పులో ప్రైవేటు సంస్థలు ఒప్పందం ఆధారంగా ఆధార్ ధృవీకరణ కోరే వీలు కల్పించిన 57వ సెక్షను భాగం కొట్టివేయబడినది. 2019 సవరణ చట్టం స్వచ్ఛందంగా ఆధార్ ఉపయోగించే మార్గాన్ని కొన్ని షరతులతో తిరిగి తెరచినది.

రహస్య సంకేతపదం దొంగిలించబడితే మార్చుకొనవచ్చును. బొటనవేలిని మార్చుకొనలేము. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్ళు తయారుచేసి సిం కార్డులు క్రియాశీలం చేసిన మోసం వెలుగుచూసినది. 2024లో స్టార్ హెల్త్ అనే ఆరోగ్య బీమా సంస్థ ఖాతాదారుల సమాచారం టెలిగ్రాం ద్వారా బయటపడినట్లు వార్తలు వచ్చాయి. తమ మీద సైబర్ దాడి జరిగి కొంత సమాచారం అనధికారికంగా తీసుకొనబడినదని ఆ సంస్థ తెలిపినది. మొదటి ఘటన శరీర ముద్ర ఎంత సులభంగా నకలు అవుతుందో, రెండవది బీమా సంస్థల వద్ద పోగుపడిన సమాచారం ఎంత విలువైన లక్ష్యమో చూపిస్తున్నాయి.

జన్యు సమాచారం

కుటుంబ చరిత్ర అనే పాత పరీక్ష

జన్యు సమాచారం బీమాకు కొత్తది కాదు. "తల్లిదండ్రులు జీవించి ఉన్నారా? లేనిచో ఏ వయసులో, ఏ కారణంతో మరణించారు?" అన్న ప్రశ్న జీవిత బీమా పత్రాలలో చాలాకాలంగా ఉన్నది. ఇది ఖర్చులేని జన్యు పరీక్ష వంటిదే. భేదం ఏమనగా, తండ్రి గుండెజబ్బుతో పోయాడన్న మాట కొడుకు విషయంలో ఒక అనుమానాన్ని మాత్రమే సూచిస్తుంది. డీఎన్ఏ పరీక్ష ఆ జన్యువు కొడుకుకు వచ్చినదా లేదా అన్నది తేల్చి చెబుతుంది. అయితే జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు తప్పక వస్తుందని కాదు. చాలా జన్యువులు ప్రమాదాన్ని కొంత పెంచుతాయి, అంతే.

హైదరాబాదు పరిశోధనలు

2009లో సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, సహ పరిశోధకులు ఒక ముఖ్యమైన పరిశోధనను ప్రచురించారు. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల భాగం లోపించడం దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉన్నదని, దానికీ గుండె కండరపు జబ్బుకూ సంబంధం ఉన్నదని అందులో తెలిపారు. నూటికి నలుగురు అంటే ప్రతి ఊరిలోనూ ఉంటారు. వీరిలో అనేకులు నడివయసు వరకు ఏ లక్షణమూ లేకుండా జీవిస్తారు.

2017లో హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్, తంగరాజ్ తదితరులు దక్షిణాసియా సమూహాల మీద మరొక పరిశోధన ప్రచురించారు. తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకొనే సమూహాలలో కొన్ని జన్యు లోపాలు ఎక్కువగా కనబడతాయని అందులో వివరించారు. తెలుగువారిలో వైశ్యులను ఉదాహరణగా పేర్కొన్నారు. వీరిలో కొందరికి బ్యుటిరిల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఉంటుంది. దీని వలన శస్త్రచికిత్సలో వాడే కొన్ని కండర సడలింపు మందుల ప్రభావం చాలాసేపు నిలిచిపోతుంది. ఈ సంగతి మత్తు వైద్యునికి ముందుగా తెలిస్తే ప్రాణరక్షణ అవుతుంది.

ఇక్కడే చట్టపరమైన చిక్కు ఉన్నది. ఆసుపత్రిలో మేలు చేసే ఇదే జ్ఞానం బీమా లెక్కలలోకి చేరితే, పరీక్ష చేయించుకొనని మనిషిని కూడా ఇంటిపేరును బట్టి, సమూహాన్ని బట్టి అంచనా వేసే వీలు కలుగుతుంది. బీమాకు భయపడి జనం పరీక్షలకు, పరిశోధనలకు ముందుకు రాకపోతే వైద్యానికే నష్టం.

ఢిల్లీ హైకోర్టు తీర్పు

ఈ విషయంలో భారతదేశంలో ప్రముఖమైన తీర్పు 2018 ఫిబ్రవరి 26న ఢిల్లీ హైకోర్టు ఇచ్చినది. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీకి, ఒక పాలసీదారుకు మధ్య జరిగిన వివాదమిది. గుండె కండరం మందమయ్యే జబ్బుకు చికిత్స పొందిన పాలసీదారుకు, అది జన్యు సంబంధమైన జబ్బు గనుక పాలసీలోని మినహాయింపు కిందకు వస్తుందని చెప్పి సంస్థ పరిహారం నిరాకరించినది. "జన్యు రుగ్మతలు" అనే మినహాయింపు మరీ విస్తృతంగా, అస్పష్టంగా ఉన్నదని న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ అభిప్రాయపడ్డారు. అటువంటి వివక్ష రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పారు. గుండెజబ్బు, మధుమేహం వంటి సాధారణ వ్యాధులలో కూడా జన్యువుల పాత్ర ఉంటుంది గనుక, ఆ మినహాయింపును అక్షరాలా పాటిస్తే పాలసీలో మిగిలేది చాలా తక్కువ. ఈ వివాదం తరువాత సుప్రీంకోర్టుకు వెళ్ళినది.

2019 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా మినహాయింపుల మీద మార్గదర్శకాలు జారీచేసినది. మినహాయించరాని వాటి జాబితాలో జన్యు వ్యాధులు, మానసిక వ్యాధులు కూడా చేర్చబడినవి.

మిగిలిన ఖాళీ

పై మార్గదర్శకాలు ఆరోగ్య బీమాకు సంబంధించినవి. జీవిత బీమాలో జన్యు పరీక్ష ఫలితాలు అడగరాదని గాని, వాడరాదని గాని పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం భారతదేశంలో లేదు. పోల్చి చూస్తే, హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం (2017) గణాంక అధ్యయనాల ఆధారం లేకుండా బీమా నిరాకరించడాన్ని నిషేధిస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) మానసిక వ్యాధికి శారీరక వ్యాధితో సమానంగా బీమా కల్పించాలని చెబుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) జాబితాలో తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నాయి. కాని జబ్బు ఇంకా రాకుండా, వచ్చే అవకాశం మాత్రమే ఉన్న మనిషి ఈ చట్టాలలో దేనికిందకూ నేరుగా రాడు. డీఎన్ఏ సాంకేతికత నియంత్రణ బిల్లు 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టబడి, 2023లో ఉపసంహరించబడినది. అది ప్రధానంగా నేర పరిశోధన, గుర్తింపుకు సంబంధించినది.

కృత్రిమ మేధ

బీమాలో కృత్రిమ మేధను ప్రతిపాదనల పరిశీలన, ప్రీమియం నిర్ణయం, మోసాల గుర్తింపు, పరిహారాల పరిష్కారం వంటి పనులలో ఉపయోగిస్తున్నారు. పంటల బీమాలో 2023 ఖరీఫ్ నుండి వరి, గోధుమ పంటలకు ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటరు నమూనాల సహాయంతో దిగుబడి అంచనా వేసే యెస్-టెక్ విధానం ప్రవేశపెట్టబడినది. పంట కోత ప్రయోగాలలో ఆలస్యం, పక్షపాతం తగ్గించడం దీని ఉద్దేశం. అయితే పొలంలో కళ్ళకు కనబడే నష్టానికీ, నమూనా చెప్పే అంకెకూ తేడా వచ్చినప్పుడు, ఆ అంకె ఎట్లా వచ్చినదో రైతుకు ఎవరు వివరించాలన్న ప్రశ్న మిగులుతుంది.

ముఖ్య సమస్యలు ఇవి:

పరోక్ష వివక్ష: కులం, మతం, జన్యువు అడగకపోయినా, పిన్‌కోడు, ఇంటిపేరు, వృత్తి, మందుల కొనుగోలు వంటి వివరాల నుండి యంత్రం అవే సంగతులను పరోక్షంగా గ్రహించగలదు.

కారణం తెలియకపోవడం: నిరాకరణకు కారణం సంస్థ ఉద్యోగికే తెలియకపోతే, పాలసీదారు దేనిని ఖండించాలి?

గతాన్ని కొనసాగించడం: పాత నమోదులలో ఒక ప్రాంతానికి గాని, వర్గానికి గాని అన్యాయం జరిగి ఉంటే, వాటి నుండి నేర్చుకొన్న యంత్రం అదే అన్యాయాన్ని కొనసాగిస్తుంది.

1995 తీర్పు

యంత్రాలు లేని కాలంలోనే ఈ సమస్య ఒక రూపంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. జీవిత బీమా సంస్థ (ఎల్ఐసీ) తన టేబుల్ 58 అనే తక్కువ ప్రీమియం టర్మ్ పాలసీని ప్రభుత్వ, పేరున్న సంస్థల ఉద్యోగులకు మాత్రమే పరిమితం చేసినది. కన్జ్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ వేసిన కేసులో 1995లో సుప్రీంకోర్టు ఆ పరిమితి చెల్లదని తీర్పు చెప్పినది. బీమా షరతులు న్యాయంగా, సహేతుకంగా ఉండాలని పేర్కొన్నది. జీతగాడు కాకపోవడం ఒక్కటే కారణంగా రైతునో కూలీనో పక్కనపెట్టడం తప్పయితే, అదే పనిని కంప్యూటరు చేసినా తప్పే అవుతుందని ఈ తీర్పును బట్టి వాదించవచ్చును.

భారత చట్టాలలో రక్షణలు

గోప్యత హక్కు: 2017 ఆగస్టు 24న జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించినది.

బీమా చట్టం 45వ సెక్షను: 2015 సవరణ తరువాత, జీవిత బీమా పాలసీని మూడేళ్ళు దాటిన పిమ్మట ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీలు లేదు. మూడేళ్ళలోపు ప్రశ్నిస్తే కారణాలను వ్రాతపూర్వకంగా తెలపవలెను.

ఆరోగ్య బీమా గడువులు: 2024 నిబంధనల ప్రకారం ముందునుండి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 36 నెలలకు మించరాదు. వరుసగా 60 నెలలు పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, విషయాలు దాచారన్న కారణంతో పరిహారం నిరాకరించరాదు. సంస్థలోని పరిహార సమీక్షా సంఘం ఆమోదం లేనిదే నిరాకరణ జరగరాదు. అనగా తుది నిర్ణయం యంత్రానికి వదలకుండా ఒక సంఘం బాధ్యత వహించవలెను.

వెల్లడించే బాధ్యతకు హద్దు: 2021 డిసెంబరులో విదేశీ ప్రయాణ వైద్య బీమాకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు పాలసీదారు పక్షాన తీర్పు చెప్పినది. జబ్బు సంగతి తెలిసి పాలసీ ఇచ్చిన సంస్థ, తరువాత అదే జబ్బును కారణంగా చూపరాదని పేర్కొన్నది. తనకు తెలియని విషయాన్ని చెప్పలేదని పాలసీదారును తప్పుపట్టలేరు. జన్యు సమాచారం విషయంలో ఇది కీలకం. పరీక్ష చేయించుకొననివానికి చెప్పవలసినది ఏదీ లేదు, కాని పరీక్ష ఫలితం చేతిలో ఉన్నవాడు, అడిగిన ప్రశ్నకు అబద్ధం చెబితే ఇబ్బంది పడతాడు.

సమాచార రక్షణ: 2011 సమాచార సాంకేతిక నియమాలు బయోమెట్రిక్, వైద్య వివరాలను సున్నితమైన సమాచారంగా గుర్తించాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అటువంటి ప్రత్యేక వర్గం లేదు. సమాచారమంతా ఒకే గాటన కట్టబడినది. అయితే మనిషిని గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడే సమాచారం సరిగా, సంపూర్ణంగా ఉండేలా చూడవలసిన బాధ్యతను, తప్పులు సరిదిద్దించుకొనే హక్కును ఈ చట్టం కల్పించినది. దీని నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడినవి. ప్రధాన బాధ్యతలు అప్పటినుండి 18 నెలలకు అమలులోకి వచ్చేలా నిర్ణయించారు.

ఇతర దేశాలలో

అమెరికా: 2008లో వచ్చిన జినా చట్టం ఆరోగ్య బీమాలో, ఉద్యోగాలలో జన్యు వివక్షను నిషేధించినది. జీవిత బీమా దీని పరిధిలో లేదు. ఫ్లోరిడా రాష్ట్రం 2020లో జీవిత బీమాకు కూడా నిషేధాన్ని విస్తరించినది. కొలరాడో 2021లో బీమాలో అల్గారిథంల వివక్ష మీద చట్టం చేసినది. ఇల్లినాయి రాష్ట్రంలో 2008 నాటి బయోమెట్రిక్ గోప్యత చట్టం కింద వేలిముద్రలు పంచుకొన్న వ్యాపారి మీద దావా పడగా, ఆ దావా ఖర్చులను అతని వ్యాపార బీమా సంస్థ భరించాలని 2021లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కెనడా: 2017 చట్టం జన్యు పరీక్ష చేయించుకోవాలని గాని, ఫలితం చెప్పాలని గాని ఒప్పందాలలో షరతు పెట్టడాన్ని నేరంగా పరిగణిస్తుంది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది.

బ్రిటన్: ప్రభుత్వానికి, బీమా సంస్థలకు మధ్య ఒడంబడిక ఉన్నది. 5 లక్షల పౌండ్లు మించిన జీవిత బీమాకు, హంటింగ్‌టన్ వ్యాధి పరీక్ష విషయంలో మాత్రమే ముందస్తు జన్యు ఫలితం అడగవచ్చును.

ఐరోపా సమాఖ్య: స్త్రీపురుష భేదాన్ని బట్టి ప్రీమియం నిర్ణయించరాదని 2011లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పినది. గణాంకం నిజమైనా సరే, దానిని వాడటం న్యాయం కాకపోవచ్చునన్నది ఈ తీర్పు సారాంశం. 2024 కృత్రిమ మేధ చట్టం జీవిత, ఆరోగ్య బీమాలో వ్యక్తుల ప్రమాద అంచనా, ధర నిర్ణయాలకు వాడే వ్యవస్థలను అధిక ప్రమాదం గలవిగా వర్గీకరించినది.

వాదనలు

బీమా సంస్థల పక్షాన చెప్పే వాదన: ఇరుపక్షాలకూ సమాన సమాచారం ఉంటేనే ఒప్పందం న్యాయం. తెలిసినవారు దాచిపెట్టి పెద్ద పాలసీలు తీసుకొంటే మిగిలినవారు నష్టపోతారు. యంత్ర పరిశీలన వలన ఖర్చు, ఆలస్యం తగ్గుతాయి.

పాలసీదారుల పక్షాన చెప్పే వాదన: పొగత్రాగడం మనిషి చేతిలో ఉన్నది, జన్యువు అతని చేతిలో లేదు. పుట్టుకతో వచ్చినదానికి ధర కట్టడం న్యాయం కాదు. అందరి వివరాలూ ముందే తెలిసిపోతే పంచుకోవడానికి తెలియని రేపు మిగలదు, బీమా అనే ఏర్పాటుకే అర్థం ఉండదు.

మధ్యేమార్గంగా, ఒక పరిమితి లోపు పాలసీలకు జన్యు సమాచారం అడగకుండా, మరీ పెద్ద మొత్తాలకు మాత్రమే అనుమతించే బ్రిటన్ పద్ధతిని కొందరు సూచిస్తారు. సామాన్యులు తీసుకొనే పాలసీలు చిన్నవి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా (ఏడాదికి 436 రూపాయలు), సురక్షా బీమా (20 రూపాయలు) వంటి 2 లక్షల రూపాయల పథకాలలో వైద్య పరీక్షలు ఉండవు.

పాలసీదారుకు ఉన్న మార్గాలు

ప్రతిపాదన పత్రాన్ని ఏజెంటు నింపినా, సంతకం లేదా ముద్ర వేసేముందు చదివించుకొని వినవలెను. నకలు తీసుకొనవలెను. పాలసీ చేతికి వచ్చిన తరువాత నచ్చకపోతే 30 రోజులలోపు తిరిగి ఇచ్చివేయవచ్చును.

అడిగిన ప్రశ్నకు తెలిసినంతవరకు నిజం చెప్పవలెను. కుటుంబంలోని జబ్బుల గురించి అడిగితే దాచరాదు.

యంత్రం వేలిముద్రను గుర్తించకపోతే వేరే మార్గంలో ధృవీకరించమని కోరవలెను. అదీ కుదరకపోతే తేదీతో సహా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకొనవలెను.

పరిహారం నిరాకరిస్తే కారణాన్ని, పాలసీలోని ఏ షరతు ప్రకారమో వ్రాతపూర్వకంగా అడగవలెను. "కంప్యూటరు ఒప్పుకోలేదు" అన్నది చట్టం దృష్టిలో కారణం కాదు.

ముందుగా సంస్థకే ఫిర్యాదు చేయవలెను. నెలరోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. అంబుడ్స్‌మన్ ఇచ్చే తీర్పును సంస్థ పాటించవలెను.

లేదా రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చును. కర్నూలు జిల్లావారికి ఇది కర్నూలులో ఉన్నది.

ఇవి కూడా చూడండి

జీవిత బీమా
ఆధార్
డీఎన్ఏ
సీసీఎంబీ
ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన
వినియోగదారుల రక్షణ చట్టం
సి.బెళగల్ మండలం